తర్వాత తాడు పట్టుకునేవాళ్ళ కోసం

మొన్న వర్జీనియాలోని షాంటిలీలో ఇండియన్ గ్రోసరీకి వెళ్ళాను. బిల్లు కట్టే వరసలో నిలబడి ఉంటే, పక్కన బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నొప్పుల బామ్ తీసి మోకాలికి రాసుకోవడం మొదలుపెట్టింది. కర్పూరం, పుదీనా కలిసిన ఘాటు గుప్పుమంది. అగరొత్తులూ ఆవకాయా వెనక్కి తగ్గాయి. ఆ వాసనకి ఇంకెవరికైనా అమ్మమ్మ గుర్తొస్తుంది. నాకు గుర్రాలు గుర్తొచ్చాయి. అంతటితో పోతే బాగుండేది. నా కుడి చెయ్యి తనంతట తాను తిరగబడి, వెనకవైపుతో ఆవిడ మోకాలి వేడి చూడడానికి బయల్దేరింది. సగం దారిలో పట్టుకుని కోటు జేబులో పెట్టాను. "ఏంటమ్మా?" అందావిడ. "ఏం లేదు ఆంటీ, ఎడమ కాలి మీద బరువు మోపడం లేదు మీరు." "డాక్టర్‌వా?" అంది ఆశగా. "దగ్గర్లోనే ఉన్నానండీ" అన్నాను. నా చేతికి ఈ బుద్ధి నేర్పిన మనిషి పేరు మిసెస్ పైక్.

ఎనభైల మొదట్లో, వర్జీనియా కొండల అంచున ఒక చిన్న కాలేజీలో గుర్రాల శిక్షణ, దెబ్బతిన్న గుర్రాలను మళ్ళీ నడిపించడం రెండేళ్ళ కోర్సుగా చెప్పేవారు. అందులో చేరతానని నేను ప్రకటించిన రోజు మా ఇంట్లో యుద్ధం జరిగిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, జరిగింది ఉప్మా చల్లారడం మాత్రమే. మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా స్థిరపడిన మనిషి. "గుర్రాల కాలేజీ ఏంటే? గుర్రాలు చదువుకుంటాయా?" అన్నారు. "చదివేది నేనే నాన్నా. అవి ఊరికే చూస్తాయి." అమ్మ గరిటె కింద పెట్టి, "పోనీ గుర్రాల డాక్టరైనా నయం. దీన్నేమంటారో చెప్పు, ఫోన్‌లో మీ పిన్నికి చెప్పాలి" అంది. చివరికి ఒక్క సెమిస్టర్‌కి ఒప్పుకున్నారు. ఆఖర్న నాన్న స్వయంగా వచ్చి చూసి, ఆ తర్వాత సంగతి తేలుస్తారు. ఆ ఆదివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆయన అంకుల్స్‌తో, "మా అమ్మాయి రిహాబిలిటేషన్ సైడ్ తీసుకుందండీ" అని చెప్పడం విన్నాను. పేషెంట్లకి ఎన్ని కాళ్ళని వాళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు.

మొదటి ఉదయం లాయం తలుపు తోయగానే ముప్పై తలలు ఒక్కసారి నావైపు తిరిగాయి. వెచ్చటి ఊపిరి, ఎండుగడ్డి, గుర్రాల కాళ్ళకి రాసే లేపనం ఘాటు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఇదే ప్రేమ అని తేల్చేశాను. తర్వాత తెలిసింది, అది మేత వేళ అనీ, ఎవరు వచ్చినా అవి అలాగే చూస్తాయనీ. ఆ తలల మధ్యలోంచి ఒక పొట్టి మనిషి కుంటుకుంటూ వచ్చారు, ఆవిడే మిసెస్ పైక్. అరవై ఏళ్ళుంటాయి, చేతిలో కాఫీ ఫ్లాస్కు, వంకరగా అతుక్కున్న రెండు వేళ్ళు. దెబ్బతిన్న కాళ్ళు బాగుచేయడం నేర్పే మనిషే కుంటుతారన్న సంగతి కాలేజీ బ్రోషర్‌లో లేదు. నా పేరు అడిగారు. "వసుంధర. అందరూ వాస్ అంటారు, మీకు తేలిక" అన్నాను. "ఇక్కడ గుర్రాల అసలు పేర్లు ఇంతకంటే పొడుగ్గా ఉంటాయి. వాటినే తప్పులేకుండా రాస్తాను, నిన్నెందుకు నరకాలి?" అని, ఆ రోజు నుంచి నన్ను పూర్తి పేరుతోనే పిలిచారు. ఒత్తు ఎప్పుడూ తప్పు చోటే పడేది, కానీ ఒక్క అక్షరం తగ్గలేదు.

ఆవిడ పద్ధతి ఒకటుంది. ప్రతి విద్యార్థికీ సెమిస్టర్ మొత్తానికి ఒకే గుర్రం. పొద్దున్నే దాన్ని ముట్టుకునే ముందు దాని గది, అంటే స్టాల్, తలుపు దగ్గర పది నిమిషాలు ఊరికే నిలబడాలి. చూసింది తలుపుకు వేలాడే కార్డు మీద రాయాలి. ఆ తర్వాతే లోపలికి వెళ్ళి, చేతి వెనకవైపుతో కాళ్ళు తడిమి వేడి చూడాలి. అరచేయి మొద్దుబారి ఉంటుంది, వెనకవైపు అబద్ధం చెప్పదు అనేవారు. నాకు వచ్చింది మేబెల్. పరుగుపందేల్లో ముందుకాలి వెనకున్న టెండన్ చీలి, ఆ భాగం వాచి విల్లులా వంగిన ఎర్ర ఆడగుర్రం. సెమిస్టర్ చివరికి అది కుంటకుండా, బెదరకుండా నడిస్తే పక్క ఊరి రైడింగ్ స్కూల్ తీసుకుంటుంది. లేకపోతే వేలం. వేలంలో కుంటి గుర్రాన్ని ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో మిసెస్ పైక్ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, మాంసానికని అందరికీ తెలుసు. మొదటి రోజు ఆ బరువంతా మోస్తూ కార్డు రాశాను: 'మేబెల్ కళ్ళలో దుఃఖం ఉంది. జీవితం మీద విరక్తి కలిగినట్టుంది.' మిసెస్ పైక్ చదివి, "విరక్తి ఏ కాల్లో?" అన్నారు. క్లాసంతా నవ్వింది. అప్పటిదాకా జోకులు వేసేది నేనే అనుకునేదాన్ని. "చూసింది రాయి. అనుకున్నది ఇంటికి తీసుకెళ్ళు." మర్నాడు రాశాను: 'ఎడమ ముందుకాలు మూడుసార్లు ఎత్తింది. నీళ్ళు సగం తాగింది.' దాని కింద పెన్సిల్‌తో ఆవిడ టిక్కు పెట్టారు. ఆ టిక్కు చూసి లాయం చుట్టూ ఒక రౌండు పరిగెత్తాను. గుర్రాల దగ్గర పరిగెత్తినందుకు లద్దె ఎత్తే పని పడింది.

బాగుచేయడమంటే ఏదో మహత్తు అనుకున్నాను. అది నీళ్ళ పైపు పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడడం. కట్టు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. తాడు పట్టుకుని మొదటి వారం పది నిమిషాలు, తర్వాతి వారం పదిహేను నిమిషాలు నడిపించడం. స్టాల్‌లో నెలల తరబడి నిలబడిన గుర్రం బయటికి రాగానే మూత తీసిన సోడా సీసా. అది ఒక్కసారి పరుగందుకుంటే, అతుక్కుంటున్న టెండన్ మళ్ళీ చీలుతుంది. అందుకే మాటతో ఆపడం నేర్పాలి. నేను మేబెల్‌తో తెలుగులో మాట్లాడేదాన్ని. బయట ఎవరి ముందూ నోరు విప్పని భాష, దాని చెవుల మధ్య హాయిగా విప్పేదాన్ని. "నడువు." "మెల్లగా." "ఆగవే తల్లీ." ఆరు వారాల్లో "ఆగవే" అంటే చాలు, నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు ఆగిపోయేది. ఒకసారి మిసెస్ పైక్ కంచె మీద చేతులాన్చి చూస్తూ, "అది ఏ భాష?" అన్నారు. "మా ఇంట్లోది." ఆవిడ కాఫీ తాగి, "గుర్రాన్ని మన కోసం తయారుచేయం వసుంధరా. మన తర్వాత తాడు పట్టుకునేవాళ్ళ కోసం చేస్తాం" అన్నారు. "అయితే వాళ్ళకి తెలుగు ట్యూషన్ పెడతాను" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఆ గుర్రాన్ని నేను తప్ప ఎవరూ ఆపలేరని నాకు తెలుసు. ఆ సంగతి నాకు చాలా ఇష్టంగా ఉండేది. కార్డు మీద 'మాట వింటుందా?' అన్న చోట 'వింటుంది' అని రాసి ఊరుకున్నాను.

పరీక్ష రోజు రైడింగ్ స్కూల్ యజమానురాలు వచ్చింది. నాన్న కూడా వచ్చారు, టై కట్టుకుని, మెరిసే బూట్లు వేసుకుని. కంచె అవతల, లద్దెకి ఆమడ దూరంలో నిలబడ్డారు. నేను మేబెల్‌ను గట్టినేల మీద ట్రాట్ చేయించాను, అంటే నడకకీ పరుగుకీ మధ్య అడుగు. టక్, టక్, టక్, టక్. నాలుగు డెక్కల చప్పుడూ ఒక్క తీరుగా ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ లయలో ఎక్కడా తడబాటు లేదు. అరవాలనిపించింది. "తాడు ఇలా ఇవ్వు" అందా యజమానురాలు. ఇచ్చాను. ఇరవై అడుగులు బాగానే నడిచారు ఇద్దరూ. అంతలో మేత ట్రక్కు వెనక తలుపు దభేలున పడింది. మేబెల్ ఎగిరి పడింది. "వో! వో!" అని ఆవిడ అరుస్తోంది, ఇక్కడివాళ్ళు గుర్రాల్ని ఆపే మాట అదే. మేబెల్ అది ఎవరికో చెబుతున్నారనుకుని తాడు లాక్కుని పరుగందుకుంది. నేను దాని వెంట పడ్డాను, గుర్రం వెంట ఎప్పుడూ పడకూడదని మొదటి రోజే నేర్పినా సరే. నాకూ నోట్లోంచి "వో!" అనే వచ్చింది. అంతమంది ముందు ఇంటి మాట గొంతు దాటలేదు. అప్పుడు కంచె అవతల నుంచి ఆపరేషన్ థియేటర్ దద్దరిల్లే గొంతు: "ఆగవే! పడతావే!"

మేబెల్ ఆగింది. నేను ఆగలేదు. ఆయన అన్నది నన్నే. ఆయన చెప్పినట్టే పడ్డాను కూడా.

మిసెస్ పైక్ కుంటుతూ వచ్చి, నన్ను దాటి, మేబెల్ దగ్గర వంగి చేతి వెనకవైపు ఆ కాలికి ఆనించారు. నా సెమిస్టర్, ఆ గుర్రం ప్రాణం, అన్నీ ఆ వంకర వేళ్ళ కిందే ఉన్నాయి. ఆవిడ లేచి, "వేడి లేదు. నా కాఫీలోనూ లేదు" అన్నారు. యజమానురాలు చేతులు దులుపుకుంది. "కాలు బాగుంది. కానీ నా దగ్గర ఆ భాష వచ్చినవాళ్ళు లేరు. రెండు వారాలాగి మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నేను తీసుకోను." ఆవిడ కారు వెళ్ళాక మిసెస్ పైక్ స్టాల్ కార్డు తెచ్చి నా ముందు పెట్టారు. "'వింటుంది' అని రాశావు. అబద్ధమా?" "కాదు." "నిజమా?" నేను మోకాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాను. "జోకేం లేదా?" "లేదు." "మంచిది. నన్ను గుర్రం పడేసినప్పుడు ఆరు నెలలు పడుకోమన్నారు. నాలా ఎవరూ స్వారీ చేయలేరనుకుని ఆరు వారాలకే లేచాను. అప్పటి నుంచీ ఇలా నడుస్తున్నాను. ఇప్పుడు చెబుతాను విను. ముందు కొత్త మాట, వెంటనే పాత మాట. అదీ వేరేవాళ్ళ నోటితో. రోజుకో కొత్త చెయ్యి." అని నాన్నవైపు తిరిగారు. "డాక్టర్‌గారూ, మీకు శనివారాలు ఖాళీయేనా?"

ఆ రెండు వారాలంత సంబరం నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను. కాలేజీ క్యాంటీన్ వంటమనిషి వచ్చింది, లైబ్రేరియన్ వచ్చాడు, పైపులు బాగుచేసే ఆయన వచ్చాడు. అందరూ "వో" అని, వెంటనే కాగితం చూసుకుంటూ "ఆగావే" అనేవారు. రెండు శనివారాలూ నాన్న వచ్చారు. తాడు చివరి అంగుళం పట్టుకుని, "ఇది కరవదు కదా?" అని అడిగి, "వో అండీ" అన్నారు. గుర్రాన్ని 'మీరు' అనాల్సిన పనిలేదని చెప్పాను. "కొత్త పరిచయం కదే" అన్నారు. పదో రోజున లైబ్రేరియన్ రెండో మాట మర్చిపోయాడు. ఒట్టి "వో" అన్నాడు. మేబెల్ ఆగింది. నాకు గంతులేయాలనిపించింది. నా తెలుగు మాట అక్కర్లేకుండానే ఆగిందని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. కార్డు మీద మాత్రం 'ఒక్క మాటకే ఆగింది' అని రాశాను.

రైడింగ్ స్కూల్ మేబెల్‌ను తీసుకుంది. నాన్న మిగిలిన కోర్సుకి ఒప్పుకున్నారు. కారెక్కుతూ, "మనుషులకి మత్తిస్తే గానీ ఆగరు, నీ పనే నయం" అన్నారు. మిసెస్ పైక్ నాకు బి మైనస్ ఇచ్చారు. ఎందుకని అడిగితే, "గుర్రం పాసైంది. నీ సంగతి ఇంకా తెలీదు" అన్నారు.

ఏడాది తర్వాత ఆవిడే నన్ను తన పికప్‌లో ఎక్కించుకుని ఆ రైడింగ్ స్కూల్‌కి తీసుకెళ్ళారు. మేబెల్ మీద అరవై దాటిన ఒక రిటైర్డ్ పోస్ట్‌మాన్ స్వారీ నేర్చుకుంటున్నాడు. బియ్యం బస్తాలా కూర్చున్నాడు. "వో" అని నెమ్మదిగా అంటే ఆగుతోంది. నడవమంటే నడుస్తోంది. నేను కంచె దగ్గరికి వెళ్ళి, ఎవరికీ వినపడకుండా, "ఆగవే తల్లీ" అన్నాను. మేబెల్ నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకుని, "దుమ్ము" అన్నాను. "కార్డు మీద ఏం రాస్తావు?" అన్నారు మిసెస్ పైక్. కాసేపు చూశాను. "చెవి కూడా తిప్పలేదు." ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పి, తన కాఫీ నాకు పోసి ఇచ్చారు. "ఇది 'ఏ' గ్రేడ్, వసుంధరా." కాలేజీ రికార్డులో ఇప్పటికీ బి మైనస్సే ఉంది.

మిసెస్ పైక్ ఇప్పుడు లేరు. దగ్గరి ఊరైన ఆష్‌బర్న్‌లో అప్పట్లో మేము గుర్రాలను నడిపించిన పచ్చిక మీద ఇప్పుడు కంప్యూటర్లు నిండిన కిటికీల్లేని భవనాలున్నాయి. నేను సొంతంగా పెట్టుకున్న లాయం ఇంకాస్త పడమరకి జరిగింది. బాగైన గుర్రాన్ని అప్పగించే రోజు వచ్చినవాళ్ళ చేతికి తాడిచ్చి, నేను కంచె అవతలికి వెళ్ళి నోరు మూసుకుని నిలబడతాను. నా స్వభావానికి అది ఎంత కష్టమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. గుర్రం నావైపు చూడకుండా నడిచి వెళ్ళిపోతే, ఖాళీ స్టాల్‌కి వేలాడే కార్డు మీద 'చెవి కూడా తిప్పలేదు' అని రాసి, కింద నేనే పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టుకుంటాను.