గుమ్మం బయట రేడియో

పాల బూత్ నడిపే ఆవిడను ఆ వీధిలో అందరూ రేడియో అనేవారు. చాటుగా కాదు, మొహానే. ఆవిడా ఏమీ అనుకునేది కాదు. తెల్లవారుజామున పాల ట్రేలు దించుకుంటూ అందుకున్న కబురు ఆఖరి పెరుగు డబ్బా అమ్ముడయ్యేదాకా ఆగేది కాదు. ఎవరి ఉద్యోగం ఊడింది, ఎవరింట్లో మాటా మాటా పెరిగింది, ఎవరి మోకాలికి ఆపరేషన్ అన్నారు, ఇవన్నీ పాల ప్యాకెట్లతోపాటే ఇంటింటికీ చేరేవి. అలాగని చెడ్డ మనిషి కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే బూత్‌ను మొగుడికి అప్పగించి ఆసుపత్రికి తోడు వెళ్లేది. నోరు మాత్రం ఆవిడ మాట వినేది కాదు.

ఆ ఎండాకాలం దేశమంతా జరుగుతున్న ఆరోగ్య సర్వే ఆ వీధికీ వచ్చింది. మెడలో గుర్తింపు కార్డులు, చేతుల్లో ట్యాబ్‌లతో కొందరు ఆడపిల్లలు, వాళ్లమీద ఒక సూపర్‌వైజరమ్మ. చీటీలు తీసినట్టు ఎంచిన ఇళ్లకే వెళ్లాలి. ఆ ఇంటివాళ్లు కాదంటే పక్కింటితో సరిపెట్టుకోవడం కుదరదు. ఆ ఇళ్ల తలుపులేమో తెరుచుకోవడం లేదు. పన్ను వేయడానికొచ్చారని ఒకరు, బీమా అంటగట్టడానికని ఇంకొకరు, కిటికీలోంచే చెయ్యి ఊపి పంపించేస్తున్నారు.

మధ్యాహ్నానికి సూపర్‌వైజరమ్మ బూత్ అరుగు మీద కూలబడి చల్లటి నీళ్లు అడిగింది. రేడియో నీళ్లతోపాటు ప్రశ్నలూ అందించింది. సంగతంతా విని, "ఇదా విషయం? నాకు ముందే చెప్పాల్సింది కదమ్మా. నేను చెబితే ఎందుకు వినరు?" అంది.

"ఏమని చెబుతావక్కా?"

"ఏముంది? మన వీధిలో ఎంతమందికి రక్తం తక్కువగా ఉందో, ఎంతమందికి బీపీ ఉందో పైవాళ్లు కలగంటారా? మనం చెబితేనే కదా మందులైనా, డాక్టరైనా. పేర్లు ఎవరికీ చెప్పరు, లెక్కల్లో కలిపేస్తారు. ఇష్టంలేని ప్రశ్నకి జవాబు మానెయ్యొచ్చు. అంతేగా?"

సూపర్‌వైజరమ్మ నవ్వింది. తన సర్వే అమ్మాయిలకు శిక్షణలో చెప్పినదంతా నాలుగు ముక్కల్లో తేలిపోయింది.

మర్నాడు రేడియో చీర మార్చుకుని మరీ వాళ్ల ముందు నడిచింది. నడిచాక తెలిసింది అసలు కష్టం. నిన్న తెరిచి ఉన్న కిటికీలు కూడా ఇవాళ ఆవిడ గొంతు వినగానే మూసుకుంటున్నాయి. వీధి మధ్యలో మిషను పెట్టుకున్న దర్జీ మాత్రం బయటికి వచ్చాడు. కుట్టేది ఆపి, టేపు మెడలో వేసుకునే వచ్చాడు.

"అక్కా, వాళ్లని పంపించు, ఆలోచిస్తాను. నువ్వు పక్కనుంటే మాత్రం మా ఇంట్లో ఎవరూ నోరు విప్పరు" అన్నాడు.

"నేనేం చేశాన్రా తమ్ముడూ?"

"మా ఆవిడకి కడుపు పోయిన సంగతి మా అమ్మకి ఎవరు చెప్పారు? మేమింకా చెప్పలేదు. పాలకెళ్లి వినొచ్చింది."

అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆవిడా నాలుగు అనేదేమో. చాలా రోజులుగా దర్జీ భార్య పాలకు పక్క వీధికి ఎందుకు వెళుతోందో అప్పుడు అర్థమైంది. రేడియో వెనక్కి తిరిగింది. ఆ సాయంత్రం బూత్ దగ్గర పాలు కొన్నవాళ్లు చిల్లర తీసుకుని వెళ్లిపోయారు. వాళ్లను నిలబెట్టే మాట రేడియో నోట ఒక్కటీ రాలేదు మరి.

ఎంచిన ఇళ్లలో రేడియో ఇల్లూ ఉంది. మర్నాడు ఒక అమ్మాయి వచ్చి ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. వయసు, చదువు, వంటింటి పొయ్యి, తాగే నీళ్లు, అన్నింటికీ రేడియో ఒకటికి మూడు చెప్పింది. తరవాత ప్రశ్నలు ఒంటి దగ్గరికి వచ్చాయి. అప్పుడు చూసింది, గుమ్మానికున్న కర్టెన్ కింద అత్తగారి పాదాలు. అంతే, చెప్పబోయిన జవాబు మింగేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తన సంగతి తనే చెప్పలేకపోవడం అదే మొదలు.

అమ్మాయి ప్రశ్న ఆపి, "మామ్మగారూ, కాసేపు బయట కూర్చుంటారా? ఈవిడతో ఒంటరిగా మాట్లాడాలి" అంది.

"మా ఇంట్లో దాపరికాలేం లేవమ్మా. నువ్వడుగు, నేనూ వింటా" అన్నారు కర్టెన్ అవతలి నుంచి.

రేడియో మొగుడు తక్కువ మాటల మనిషి. బూత్ నుంచి అన్నానికి వచ్చినవాడల్లా సంగతి గ్రహించి, "అమ్మా, తాళంచెవి కనబడట్లేదు, వచ్చి వెతికిపెట్టు" అని తల్లిని తీసుకుపోయాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంది.

అప్పుడు రేడియో చెప్పింది. ఏం చెప్పిందో ఆ అమ్మాయికి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. లేచి మొహం కడుక్కుని తిన్నగా సూపర్‌వైజరమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, జనం తలుపు తీయకపోవడానికి మీరు కొత్తవాళ్లవడమే కారణం కాదు. ఇంట్లోవాళ్లు చెవులొగ్గి వింటుంటే చెప్పుకోలేరు. ఆ చెవుల సంగతి నేను చూసుకుంటా. ఎవరి గుమ్మమూ మాత్రం తొక్కను."

మొదట దర్జీ దగ్గరికే వెళ్లింది. మెట్లెక్కకుండా రోడ్డు మీదే నిలబడి, "తమ్ముడూ, ఆ రోజు నేను చేసింది తప్పు. ఇప్పుడు మీ ఇంటికి రాను. మీ అమ్మని బూత్‌కి పంపించు, ఎంతసేపు కావాలంటే అంతసేపు నాతో కూర్చోబెట్టుకుంటా. లోపల ఏం మాట్లాడుకున్నారో అడిగితే నేను మనిషినే కాదనుకో" అంది.

దర్జీ లోపలికి వెళ్లి భార్యతో మాట్లాడి వచ్చాడు. "మా అమ్మ తొందరగా విసుక్కుంటుంది" అన్నాడు.

"విసుక్కోనిస్తానా?"

దర్జీ తల్లి బూత్‌కి రాగానే రేడియో స్టూలు వేసింది. కావాలని ఆవిడ వియ్యాలవారి ఊసెత్తింది. ముసలావిడ ఊపందుకుంది. మధ్యలో లేవబోతే, "పిన్నిగారూ, ఇంతకీ ఆ రోజు మీరేమన్నారు?" అని మళ్లీ కూర్చోబెట్టింది. అక్కడ లోపలి గదిలో దర్జీ భార్య తలుపు వేసుకుని తీరిగ్గా మాట్లాడింది. బయటికి వచ్చేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. బూత్ దగ్గరున్న దర్జీ పక్కింటావిడ అది చూడనే చూసింది.

"ఏంటే రేడియో, లోపల ఏమైందట?" అంది గుసగుసగా.

"పాలా, పెరుగా?"

"అది కాదే..."

"పాలు వద్దంటే పక్కకి జరుగు పిన్నీ, వెనకాల ఉన్నారు."

అది వీధంతా విన్నది. రేడియో దగ్గర కబురు ఆగిపోయిందన్నదే ఆ రోజు పెద్ద కబురు. మర్నాటినుంచి బూత్ దగ్గర అరుగు చాలలేదు. అత్తగార్లు, ఆడపడుచులు, రిటైరైన మామగార్లు, అందరినీ ఒకచోట చేర్చి రేడియో తన పాత కథలు, తన మీద తనే వేసుకున్న జోకులు చెప్పేది. గొంతు బొంగురుపోయేది. అక్కడ ఒక్కో ఇంట్లో ఒక్కో కోడలు, ఒక్కో కొడుకు తలుపు దగ్గరగా వేసుకుని చెప్పాల్సింది చెప్పుకునేవాళ్లు. రానన్నవాళ్లూ ఉన్నారు. రిటైరైన మాస్టారొకాయన చివరిదాకా ఒప్పుకోలేదు. సూపర్‌వైజరమ్మ ఇంకోసారి అడిగి చూడమంటే రేడియో తల అడ్డంగా ఊపింది. "వద్దన్నవాళ్లని వదిలెయ్యాలమ్మా. లేకపోతే ఔనన్నవాళ్లకి మాత్రం మనమీద నమ్మకమేం ఉంటుంది?"

వీధి పని ముగిసింది. అవతలి పేటలో తలుపులు ఇంకా గట్టివని, వస్తావా అక్కా అని సూపర్‌వైజరమ్మ అడిగింది. అక్కడ ఆవిడనెవరూ ఎరగరు. రేడియో మొగుడివంక చూసింది.

"వెళ్లు. కానీ నువ్వు లేకపోతే వీళ్లు పాలు కొనుక్కుని పోతారంతే, నిలబడరు. నాకు పొద్దుపోదు" అన్నాడతను.

ఇన్నేళ్ల కాపురంలో అంత పెద్ద మాట అతను అనడం అదే మొదలు. ఆవిడ నవ్వుకుంటూ చెప్పులు తొడుక్కుంది. బూత్‌లోని స్టూలు చంకన పెట్టుకుని ఆ అమ్మాయిల వెంట బయల్దేరింది.