పూతరేకులో మందు

వెంకటదుర్గ చేతిలో రేకు చిరగదు. ఆత్రేయపురంలో తన ఇంటి వసారాలో, బోర్లించిన వేడి కుండ మీద పిండిజావలో తడిపిన గుడ్డను పరిచి లాగిందంటే, మంచుతెర లేచినట్టు రేకు లేస్తుంది. మనుషుల దగ్గరే ఆమెకు నిదానం తక్కువ. ఎవరు దిగులుగా కనిపించినా ముందు నోట్లో పూతరేకు పెట్టేసి, ఆ తర్వాత సంగతేంటని అడుగుతుంది.

అలాంటి మనిషికి మేనకోడలు సాయిప్రసన్న పెద్ద చిక్కై కూర్చుంది. కాలేజీ సెలవులకొచ్చిన ఆ పిల్ల గిన్నెలు ఖాళీ చేసేసి, పెరట్లోకి పోయి అంతా కక్కేసేది.

"ఎవరో తిండిలో మందెట్టారే దుర్గా! ఆ మందు కక్కించే ఆయన దగ్గరికి తీసుకెళ్లు," అంది పక్కింటి రామలక్ష్మి.

"కక్కడమే దాని జబ్బైతే ఇంకా కక్కించడమేంటి వదినా!" అని నవ్వి, వెంకటదుర్గ పిల్లను రాజమండ్రి డాక్టరమ్మకు చూపించింది.

"ఈ మందు అతిగా తినేసి కక్కేయాలన్న తహతహను తగ్గిస్తుందండి, మెల్లగా," అంది డాక్టరమ్మ. "ఒక్క మందుతో అయిపోదు. వేళకి తిండి ఉండాలి, నా దగ్గరికొచ్చి మాట్లాడుతూ ఉండాలి."

లావైపోతానన్న భయంతో సాయిప్రసన్న మందు ముట్టలేదు. వెంకటదుర్గ ఆగలేకపోయింది. క్యాప్సూల్ విప్పి, పొడిని పంచదారలో కలిపి, రేకులో మడిచి ఇచ్చింది.

ఒక్కసారి కొరికి పిల్ల ఆగిపోయింది. "చేదేంటి? అత్తా... నాకు మందెట్టావా?"

పక్కింటావిడ అన్నప్పుడు నవ్వొచ్చిన మాటే. ఇప్పుడు తనకే తగిలింది. ఆనాటి నుంచి పిల్ల ఆమె చేతి తిండి ముట్టలేదు. అరటిపళ్లు, బిస్కెట్లు, తన చేత్తో విప్పుకున్నవే తినేది. నేతి వాసనతో నిండిన ఆ ఇంట్లో వెంకటదుర్గకు అన్నం సయించలేదు.

ఓ పొద్దున కుండ పక్కన పీట వేసి పిలిచింది. "ఇలా కూర్చోవే. నా చేతులు చూడు." పిల్ల చూస్తుండగానే రేకు తీసింది, నెయ్యి రాసింది, పంచదార చల్లింది. క్యాప్సూల్‌ని మాత్రం వేరే పళ్లెంలో పెట్టింది. "ఇది రేకు, అది మందు. ఇంకెప్పుడూ కలపను తల్లీ. నీ భయమేంటో చెప్పు. నీ నోట్లో ఏమీ పెట్టకుండా వింటాను."

"నువ్వా? పెట్టకుండానా?" పిల్లకు నవ్వాగలేదు.

నవ్వు తగ్గాక మాటలొచ్చాయి. అద్దం గురించి, నడుం కొలత గురించి, స్నేహితుల ఎకసెక్కాల గురించి. పొయ్యి చల్లారేదాకా వెంకటదుర్గ వింటూనే ఉంది. చివరికి సాయిప్రసన్న పళ్లెం దగ్గరికి లాక్కుని, క్యాప్సూల్ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"నువ్వు పెట్టలేదత్తా. నేనే వేసుకున్నాను." నోరు తెరిచింది. "ఇప్పుడు పెట్టు. సగమే."

వెంకటదుర్గ చేతిలో రేకు చిరిగింది.