మూత లేని రేకు పెట్టె

పాకాల బజారులో కాశిం సాహెబ్ నలభై ఏళ్లుగా రేకు పని చేస్తున్నాడు. బియ్యం డబ్బాలు, ట్రంకు పెట్టెలు, ఏది అడిగినా చేసిచ్చేవాడు. కానీ ఏర్పేడు కాలేజీలో పరిశోధన చేస్తున్న హేమశ్రీ కాగితం మీద గీసి తెచ్చిన బొమ్మ అతనికి అంతుపట్టలేదు. మూడు అల్యూమినియం రేకులు గది మూలలాగా కలవాలి. అంతే.

"మూత యాడమ్మా?"

"మూత ఉండదు సాహెబ్."

"మరి ఇందులో ఏం పోస్తారు?"

"ఏమీ పోయం. పైన తిరిగే ఉపగ్రహం రాడార్ తరంగాన్ని పంపిస్తాది. అది ఈ మూలకు తగిలి తిరిగి పైకే పోతాది. నేల కుంగితే లెక్కలో తేడా తెలుస్తాది. మూల మాత్రం వెంట్రుకవాసి తప్పకూడదు."

ఆ చివరి మాట ఒక్కటే అతనికి అర్థమైంది. మూలమట్టం పెట్టి చూసుకుంటూ వారం రోజుల్లో రెండు చేశాడు. ఒకదాన్ని బండరాయి మీద, రెండోదాన్ని ఊరి బయట రోడ్డు పక్కన బిగించారు. బండ కదలదు కాబట్టి రోడ్డును దానితో పోల్చుకుంటారట.

ఐదు నెలలకు హేమశ్రీ ఫోన్ చేసింది.

"సాహెబ్, రోడ్డు పక్కది పన్నెండు మిల్లీమీటర్లు దిగింది. పెట్టే వదులై ఉంటుందని రోడ్ల ఆఫీసువాళ్లు అంటా ఉండారు."

కాశిం సాహెబ్‌కు అన్నం సహించలేదు.

"ఇన్నేండ్లలో నా పనిని ఎవురూ ఒక మాట అనలేదు," అన్నాడు భార్య అన్వరీ బేగంతో.

"ఈడ కూర్చుంటే తెలుస్తాదా? పోయి సూసి రాండి," అందామె.

మూలమట్టం సంచిలో వేసుకుని సైకిలెక్కాడు. మూడు అంచులూ తడిమాడు, బోల్టులు బిగించి చూశాడు. గోరు దూరే సందు కూడా లేదు. సంతోషం వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. పెట్టె బాగుందంటే, కుంగింది రోడ్డే. ఆ రోడ్డేమో నున్నగా ఉంది. స్కూలు బస్సొకటి దాని మీదుగా వెళ్లిపోయింది. ఏమనుకోవాలో తోచక వంగి, అరచేతితో తారు మీద తట్టాడు. ఆటో గోవిందు బండి ఆపాడు.

"ఏం సాయిబూ, ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"తెలీలేదప్పా."

అక్కడి నుంచే హేమశ్రీకి ఫోన్ చేశాడు. "పెట్టె బాగుండాదమ్మా. రోడ్డునే సూడమను. కావాలంటే వాళ్ల ముందర మూలమట్టం పెట్టి సూపిస్తాను."

చూపించాడు కూడా. ఆఫీసువాళ్లు నమ్మీ నమ్మక తారుకు రంధ్రం వేయించారు. ఏడడుగుల లోతున ఇనుప కడ్డీ ఖాళీలోకి జారిపోయింది. ఎప్పుడో చెత్తతో పూడ్చిన బావి అది; ఆ చెత్త కుళ్లి లోపల బోలు పడింది. ఆ పూటే బస్సులను వేరే దారికి మళ్లించారు.

తవ్విన గుంతను చూసి కాశిం సాహెబ్ తల పైకెత్తాడు. ఎండ తప్ప ఏమీ కనబడలేదు. "అంత పైనుంచి ఎట్ల కనిపెట్టిందమ్మా?" అన్నాడు. పక్కనే ఉన్న హేమశ్రీ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ప్రతి మాటకూ తలూపాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అదంతా అన్వరీకి చెప్పబోయాడు. తరంగం కిందికి రావడం వరకూ బాగానే వచ్చింది. తిరిగి పైకి పోయే చోట చేయి గాలిలోనే నిలిచిపోయింది.

"రోడ్డు మాత్రం కుంగిందిలే," అన్నాడు చివరికి.

"సరే, తినండి," అందామె పప్పు వడ్డిస్తూ.