మామ తెచ్చిన మురికి

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా బడిలో సైన్సు ప్రదర్శన అంటే తల్లిదండ్రుల మధ్య పోటీ. థర్మాకోల్ అగ్నిపర్వతాలు నల్గొండ బజార్లో తయారుగా దొరికేవి. పగలకుండా ఆటోలో బడికి చేర్చిన పిల్ల శాస్త్రవేత్త అయిపోయేది. మా ఇంట్లో అలాంటి కొనుగోళ్లు లేవు కాబట్టి, ఏ పానీయంలో కరెంటు ఎంత పారుతుందో కొలుస్తానని పేరిచ్చాను.

ఒక చదరపు బ్యాటరీ, బాపు ఎవరినో అడిగి తెచ్చిన మల్టీమీటరు, పాత చెప్పు ముక్కకు గుచ్చిన రెండు ఇనుప మేకులు. ఇదీ నా ప్రయోగశాల. నిమ్మరసం, చాయ్, మజ్జిగ, కొబ్బరినీళ్లు, వంటకు వాడే బోరు నీళ్లు, తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు గ్లాసుల్లో పోసి వరసగా పెట్టాను. మేకులు ముంచితే మీటరు ఒక అంకె చూపించేది, చూస్తుండగానే అది దిగిపోయేది. అదే నిమ్మరసంలో మళ్లీ ముంచితే ఇంకో అంకె. ఒకసారైతే క్యాన్ నీళ్లు మజ్జిగను మించిపోయాయి.

"బ్యాటరీ ఖరాబైంది" అన్నాడు బాపు, మీటరు వైపు చూడకుండానే. ఇంట్లో ఏది పనిచేయకపోయినా ఆయనకు తోచే కారణం అదొక్కటే. కొత్త బ్యాటరీ వేసినా మీటరు తీరు మారలేదు.

సైన్సు సారును అడిగాను. "నిమ్మరసం ఎక్కువ రావాలె, మంచినీళ్లు తక్కువ రావాలె. గట్లనే రాస్కపో. నీ మీటరు ఎవడు చూస్తడు?" అన్నాడు, కుర్చీలోంచి కదలకుండా. మీటరు ఎదురు మాట్లాడితే దాని నోరు మూయించడమే ఆయనకు తెలిసిన సైన్సు.

పంతం పట్టి నేనే కూర్చున్నాను. మేకులను దగ్గరగా చూస్తే వాటి చుట్టూ సన్నని బుడగలు. బుడగలు పట్టేకొద్దీ అంకె దిగుతోంది. చెప్పు ముక్క మెత్తనిది కావడంతో చేయి కదిలినప్పుడల్లా మేకుల మధ్య దూరం మారుతోంది. పైగా మజ్జిగలోంచి తీసిన మేకులను కడగకుండానే క్యాన్ నీళ్లలో ముంచిన తెలివి నాదే. గట్టి ప్లాస్టిక్ మూతకు రెండు రంధ్రాలు చేసి, మేకుల బదులు పెన్సిల్ లోపలి నల్ల పుల్లలు బిగించాను. గ్లాసు మీద నెయిల్‌పాలిష్‌తో గీత పెట్టి అంతవరకే పోశాను. ప్రతిసారీ కడిగి, ముంచగానే వచ్చిన అంకెనే తీసుకున్నాను. అప్పుడు మీటరు కుదుటపడింది. ఉప్పేసిన మజ్జిగ అన్నిటికన్నా పైన, క్యాన్ నీళ్లు అట్టడుగున నిలిచాయి.

తీసేసిన మేకులను బ్యాటరీకి తగిలించి బోరు నీళ్లలో వదిలేశాను. కాసేపటికి గ్లాసంతా గోధుమరంగు మడ్డి. అది మేకుల తుప్పు.

ఆ వారమే మామ దిగాడు. అమ్మకు తమ్ముడు. ప్లాట్లు, బీమా అమ్మి అయ్యాక నీళ్ల ఫిల్టర్ల మీద పడ్డాడు. సొంత అక్క ఇంటికి టై కట్టుకుని వచ్చాడు. సంచిలోంచి ప్లగ్గు వైరున్న పెట్టె తీశాడు. దాని కింద ఇనుప కడ్డీలు. ఒక గ్లాసులో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తన ఫిల్టరు నీళ్లు పోసి, ముందు ఫిల్టరు నీళ్లలో, తర్వాత మా నీళ్లలో కడ్డీలు ముంచి స్విచ్చు వేశాడు. మా నీళ్లు బురదలా మారాయి. అతనివి తేటగా ఉన్నాయి.

"చూసినవా అక్కా, గీ విషంతోని వండుకుంటున్నరు! మర్రిగూడల మన అవ్వ నడుము గిట్లనే వంగిపాయె."

మర్రిగూడ నీళ్లలోని ఫ్లోరైడ్ మా అమ్మమ్మను నిటారుగా నిలబడనివ్వలేదు, నిజమే. కానీ అది కంటికి కనిపించేదే అయితే ఊరంతా తాగేదా? కన్నతల్లి నడుమును అమ్మకానికి పెట్టిన ఆ మనిషిని చూసి నాకు ఒళ్లు మండింది. చిటికెడు ఉప్పు తెచ్చి అతని నీళ్లలో కలిపాను.

"మామా, మల్ల పెట్టు."

"గదేందే! ఉప్పేస్తే ఖరాబ్ గాదా?"

"రోజూ కూరల తినే ఉప్పే గద. పెట్టు."

అతను కదల్లేదు. ప్లగ్గు పీకి, పెట్టెను ఆ గ్లాసు మీదికి మార్చి, మళ్లీ ప్లగ్గు పెట్టి నేనే స్విచ్చు వేశాను. ఫిల్టరు నీళ్లు మా బోరు నీళ్లకన్నా ఘోరమయ్యాయి.

"మడ్డి నీ కడ్డీలది మామా, నీళ్లది గాదు. నీళ్లల ఉప్పుంటె కరెంటు పారి కడ్డీలు తుప్పు వడ్తయి. నీ ఫిల్టరు ఫ్లోరైడ్ ఎంత తీస్తది?"

మామ టై సర్దుకున్నాడు. "కంపెనోళ్లకు తెలుస్తది."

గెలిచాననుకున్నాను. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి, తమ్ముడికి చాయ్ పెట్టింది. తర్వాత ఫిల్టరు కావాలంది. నేను నోరు తెరిచాను.

"నువ్వూకో. వాని ఆట అబద్ధమని నాకూ కనవడ్డది. అవ్వ నడుము అబద్ధం గాదు గద?" అని, తమ్ముడి వైపు తిరిగింది. "గీ నీళ్లు, నీ ఫిల్టరు నీళ్లు పరీక్ష చేసేటోళ్ల కాడికి పట్టుకపో. ఫ్లోరైడ్ పోయిందని తేలితెనే కొంట."

మామ రెండు సీసాలు పట్టుకుపోయాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. చివరికి అమ్మే నీళ్లు పరీక్ష చేయించి, బజార్లో వేరే ఫిల్టరు కొన్నది. దాన్ని గోడకు బిగించిన కొత్తలో మామ భోజనానికి వచ్చాడు. గ్లాసెడు తాగి, "నీళ్లు మంచిగున్నయి అక్కా" అన్నాడు, సిగ్గు లేకుండా.