యుద్ధం ఎట్లా మొదలైందో చాచా చెప్పాడు

గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫాలోని ఒక బడికి పిల్లలను చేరవేసే బస్సులో నేను ఆయాగా పనిచేస్తున్నాను. బస్సు నడిపే పెద్దాయనను పిల్లలతో పాటు నేనూ చాచా అనే పిలుస్తాను. ఆయనది కశ్మీరులో పాకిస్తాన్ వైపు ఉన్న పూంచ్. నాది నిజామాబాద్ దగ్గర పల్లె. ఆయన ఉర్దూ, నేను నేర్చుకున్న వంకర హిందీ, రెండూ కలిసి మాకు సరిపోతాయి.

మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడని చాచాకు ఎప్పుడూ చెప్పలేదు. ఫిరంగుల దళంలో పని. పోస్టింగ్ కూడా పూంచ్‌లోనే, మన వైపు.

2025 మే నెలలో రెండు దేశాలూ ఒకదానిమీద ఒకటి బాంబులు వేసుకోవడం మొదలైన ఉదయం, నేనుండే నజ్మాలో బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా మరదలు ఫోన్ చేసింది.

"వదినా, ఆయన ఫోన్ కలుస్తలేదు. టీవీల ఏందేందో చూపిస్తున్నరు. నాకు కాళ్లు చేతులు ఆడుతలేవు."

టీవీ బంద్ పెట్టమన్నాను. అమ్మకు ఏమీ చెప్పొద్దన్నాను.

బస్సు వచ్చింది. రోజూ సలాం చెప్పి పలకరించే చాచా ఆ రోజు తల మాత్రం ఊపాడు. కంపెనీ సూపర్‌వైజర్ అప్పటికే అందరికీ మెసేజ్ పెట్టాడు: డ్యూటీలో ఈ గొడవ గురించి మాట్లాడితే, ఫోన్‌లో స్టేటస్‌లు పెడితే ఇంటికి పంపిస్తారట. పిల్లలు ఎక్కారు. మన దేశం వాళ్లమ్మాయి ఒకతి నా కొంగు పట్టుకుని, "ఆంటీ, చాచా మనకు శత్రువా?" అని అడిగింది. గట్టిగానే అడిగింది. అద్దంలో చాచా కళ్లు నా మీద పడి, మళ్లీ రోడ్డు మీదకు పోయాయి. కాదమ్మా, సీటు బెల్టు పెట్టుకో అన్నాను.

పిల్లలను దించాక బడి గోడ నీడలో బస్సు ఆపాడు. ఇంజను బంద్ చేయలేదు. బయట నిప్పులు కురుస్తున్నట్టుంది. అప్పుడు చెప్పాడు. ఆయన కూతురు ఊరు సరిహద్దు గీతను ఆనుకునే ఉందట. అవతలి నుంచి గుండ్లు పడుతున్నాయట. పిల్లలను తీసుకుని నేలమాళిగలోకి దిగుతున్నానని చెప్పిందే చివరి మాట. ఆ తర్వాత ఫోన్ లేదు.

అవతలి నుంచి అంటే మన వైపు నుంచి. దాచుకోలేకపోయాను.

"చాచా, మా తమ్ముడు ఫౌజ్‌ల ఉన్నడు. అక్కడనే."

నోరు జారాక భయం నాలుగు వైపుల నుంచీ వచ్చింది. ఈయన ఏమంటాడో. ఎవరితో చెబుతాడో. సైనికుడు ఎక్కడున్నాడో పరాయి దేశం మనిషికి చెప్పేశానే. చాచా స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు.

"ఇది నీ తమ్ముడు మొదలుపెట్టింది కాదు బేటీ," అన్నాడు. "మా నాన్న చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు మొదలైంది."

రెండు దేశాలకూ అప్పుడే స్వాతంత్ర్యం వచ్చిందట. కశ్మీరు రాజు ఎటూ చేరకుండా కూర్చున్నాడు. పూంచ్ జనానికి ఆ రాజు మీద అప్పటికే మంట: పొయ్యికి పన్ను, మేకకు పన్ను. తెల్లవాళ్ల తరఫున ప్రపంచ యుద్ధంలో పోరాడి ఊళ్లకు తిరిగొచ్చిన మగవాళ్లను ఆయుధాలు అప్పగించమంటే తిరగబడ్డారు. తర్వాత పాకిస్తాన్ వైపు కొండల నుంచి తెగలవాళ్లు తుపాకులతో లారీల్లో దిగారు. రాజు భయపడి ఇండియాలో చేరుతూ సంతకం పెట్టాడు, ఇండియా సైన్యం విమానాల్లో దిగింది. ఏడాదికి పైగా కొట్టుకుని, ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. ఆగిన చోటే గీత. చాచా మేనత్త పెళ్లయి వెళ్లిన ఊరు గీతకు అవతల పడింది. చాచా వాళ్ల నాన్న ఆమెను మళ్లీ చూడలేదు.

"మా ఊళ్లో హిందువులుండేవాళ్లట, సిక్కులుండేవాళ్లట. వాళ్లేమయ్యారని అడిగితే నాన్న లేచి బయటికి పోయేవాడు," అన్నాడు చాచా.

నేను మా అవ్వ చెప్పిన సంగతి చెప్పాను. అక్కడ రాజు హిందువు, జనంలో ముస్లింలు ఎక్కువ. మా దగ్గర నిజాం ముస్లిం, జనంలో హిందువులు ఎక్కువ. ఆయనా ఎటూ చేరనన్నాడు. మరుసటి ఏడు ఇండియా సైన్యం వచ్చింది. అంతకు ముందు రజాకార్లకు భయపడి అవ్వవాళ్లు జొన్నచేలో దాక్కున్నారు. సైన్యం వచ్చాక, పక్కింటి ముస్లింలు అదే చేలో దాక్కున్నారు. చాచా విని, "మీ దగ్గర ఆగిపోయింది. అదృష్టవంతులు," అన్నాడు.

ఆ తర్వాతి రోజులన్నీ ఒకే తీరుగా గడిచాయి. బస్సెక్కగానే ఆయన "తమ్ముడు?" అనేవాడు. నేను "బిడ్డ?" అనేదాన్ని. ఇద్దరం తల అడ్డంగా ఊపేవాళ్లం. ఒకరి క్షేమం కోసం చేసే ప్రార్థన రెండో వాళ్ల మీద గుండై పడుతుందేమోనని నాకు దేవుడికి దండం పెట్టుకోవడానికి కూడా భయమేసేది. మా తమ్ముడికి ఏమీ కావద్దు అనుకుంటాను, వెంటనే ఆ నేలమాళిగ కళ్ల ముందుకు వస్తుంది.

కాల్పులు ఆపుతున్నారని వార్త వచ్చాక ముందు కబురు చాచాకే వచ్చింది. కూతురూ పిల్లలూ బతికి ఉన్నారు. ఇంటి కప్పు సగం పోయింది. పక్కింటి ముసలామె చనిపోయింది. చెబుతూ బస్సు పక్కకు ఆపి ఏడ్చాడు. నేను నీళ్ల సీసా ఇచ్చాను.

తమ్ముడు మర్నాడు ఫోన్ చేశాడు. చెవులు సరిగా వినబడటం లేదట, అరిచి మాట్లాడుతున్నాడు. "మంచిగనే ఉన్న అక్కా. మావోళ్లు ఇద్దరు పోయిన్రు."

మీ ఎదురుగా, గీతకు అవతల ఉన్న ఊరి పేరేంటని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. అన్నం తిన్నావా అని అడిగాను.