మా సందు లేదని రాసిన పత్రిక

మొన్న పొద్దున పేపరు వేసే మనిషి ఫోను చేసి, మీ వీధిలో పేపరు వేయించుకునేది ఇక మీరొక్కరే అమ్మా, ఒక్క ఇంటి కోసం రావడం గిట్టదు, వచ్చే నెల నుంచి మానేస్తానన్నాడు. ఎంత బేరమాడినా వినలేదు. నా బేరానికి లొంగని మనిషి తగిలితే నాకు రెండు రోజులు అన్నం సయించదు. ఆ దిగులులోనే, సికింద్రాబాదు స్టేషను వెనక సందులో ఉండిన మా నాన్న కిరాణా దుకాణమూ, అక్కడ కూర్చుని నేను ఘనంగా నెగ్గిన ఒక బేరమూ గుర్తుకొచ్చాయి.

నగరమంతా సాఫ్ట్‌వేరు కొలువుల కోసం పడమటికి పరుగెత్తుతున్న రోజులవి. నిన్నటిదాకా మా దగ్గర పావుకిలో కందిపప్పు కట్టించుకున్నవాళ్ళు కంప్యూటరు కోర్సుల్లో చేరి మమ్మల్ని జాలిగా చూసేవారు. నాన్నకు మోకాళ్ళు పట్టేయడంతో గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చునేదాన్ని. మన తరానికి చెప్పనక్కరలేదు, అప్పట్లో ఏ సరుకైనా పాత పేపరులోనే పొట్లం కట్టాలి, ఆ పేపరు నూనె మరక లేకుండా దొరకడం అదృష్టం. అలాంటిది బొల్లారం నుంచి ఒకాయన, మడత కూడా విప్పని పేపరు కట్టలు తెచ్చి, పాతవాటికన్నా తక్కువకే ఇస్తానన్నాడు. నేను ఇంకాస్త తగ్గించాను. ఎవరూ చదవని పత్రికను రోజూ ఎందుకు అచ్చేస్తున్నారని ఒక్కసారైనా అడగలేదు. చవగ్గా వచ్చినదాన్ని ప్రశ్నించడం మా ఇంటా వంటా లేదు. నడివేసవిలో కూడా అందులో రోజూ చిరుజల్లులు పడతాయని ఉండేది. నవ్వుకుని, చింపి, జీలకర్ర కట్టేదాన్ని.

మా అమ్మ తమ్ముడు ఒక చిన్న దినపత్రికలో విలేకరి. పొట్లం కాగితం చదవనిదే సరుకు డబ్బాలో పోసుకోని మనిషి. ఒక మధ్యాహ్నం, సందంతా కునుకు తీస్తున్న వేళ, చింతపండు పొట్లం అక్కడే విప్పి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

“బిడ్డా, మీరు లేరట,” అన్నాడు మెల్లగా.

“ఏందీ మామా, ఎండదెబ్బ గిట్ల తాకిందా?” అన్నాను.

కాగితం నా ముందు పరిచాడు. మా సందు నాలుగు హద్దులూ వేసి, ఈ స్థలం ఖాళీ, ఇక్కడ ఎవరూ నివసించడం లేదు, ఆఫీసుల భవనానికి ఇస్తున్నాం, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపండి అని సర్కారు ప్రకటన. గడువు ఇంకా మూడు రోజులు. దాని పక్కనే, భవనం వస్తున్నందుకు సంతోషిస్తూ ఒక పాఠకుడి ఉత్తరం. పేరు ఎవరిదో మాకు తెలియదు. కింద ఇంటి నంబరు మాత్రం మాదే.

గల్లాపెట్టె కింద మిగిలిన కట్టలు విప్పి చూశాను, రోజూ అదే ప్రకటన. ఆ ప్రకటనను ఇరవై రోజులుగా పసుపుతో, మిరియాలతో సహా సందులో ప్రతి ఇంటికీ చేర్చింది నేనే.

బస్సెక్కి ఇద్దరం బొల్లారంలోని ఆ పత్రిక చిరునామాకు వెళ్ళాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, కుర్చీల మీద వేలి మందాన దుమ్ము, మనిషి జాడ లేదు. బల్ల మీద కొత్త కట్ట. మామ పైకాగితం తీసి తేదీ చూపించాడు: అది గడువు దాటిన మర్నాటిది. సందు గురించి ఒక్క అభ్యంతరమూ రాలేదని అందులో అప్పటికే అచ్చయి ఉంది. ఇంకా రాని ఆ రోజున మేమంతా నోరు మూసుకుని ఉన్నాం. ఆ గదిలో నేను గట్టిగా దగ్గి చూసుకున్నాను, వినబడుతున్నానో లేదోనని.

తిరిగొచ్చాక మామ ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతివారినీ వాళ్ళ గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీసి, పేరు, పని, ఎన్నేళ్ళుగా ఉంటున్నారో రాసుకుని, రాసింది పైకి చదివి అవుననిపించుకునేవాడు. మంచాన ఉన్న పక్కింటి ముసలమ్మ తన పేరు విని, మళ్ళీ చదవమంది. నేను ఊరుకుంటానా, మా దుకాణం ఫొటో కాస్త పెద్దది వేయమని బేరం పెట్టాను.

“గిది దుకాణం గొప్ప చాటే ఇష్తెహార్ కాదు బిడ్డా. అందరూ ఒక్కటే సైజు,” అన్నాడు.

మర్నాడు మామ పత్రికలో మా ముఖాలూ, వాటి పక్కన ఆ ముందే అచ్చయిన కాగితమూ వచ్చాయి. గడువు ఆఖరి రోజున సందంతా ఆ పేపరు చేతపట్టుకుని సర్కారు ఆఫీసుకు వెళ్ళి అభ్యంతరాలు రాసిచ్చింది. ఖాళీ స్థలం చూడటానికి వచ్చిన అధికారులకు పకోడీల వాసన తగిలింది. ప్రకటన రద్దయింది. ఆ ఉత్తరం రాసిందెవరో మాత్రం ఈనాటికీ తెలియలేదు.

మామ పోయాడు, ఆయన పత్రికా మూతపడింది. ఇప్పుడు ఏ దేశంలో ఏం జరిగినా క్షణంలో చేతిలోకి వస్తుంది గానీ, మా సందు గురించి రాసేవాళ్ళు లేరు, ఎండలో నిలబడి నీ పేరేమిటమ్మా అని అడిగేవాళ్ళు అంతకన్నా లేరు. అటు వెళ్ళినప్పుడల్లా గుమ్మాల్లో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పేరుతో లోలోపల చదువుకుంటూ నడుస్తాను. సగం గుమ్మాల దగ్గర నాకు పేరు తోచదు. వాళ్ళు నావంక చూస్తారు, నేను ముందుకు వెళ్ళిపోతాను.