దయారత్నం అనంత శ్రేణి

ఏ లెక్కనైనా దగ్గరిదారిలో తేల్చడం దయారత్నం దృష్టిలో మహాపాపం. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పెరిగి, కలకత్తాలో నాతోపాటు ఫిజిక్సు లెక్చరరైన ఈ మహానుభావుణ్ణి చర్చికి ఎంతమంది వచ్చారని అడిగితే, వరసలను హెచ్చవేయకుండా తలతలనూ లెక్కపెట్టేవాడు. చివరి తల దగ్గరికి వచ్చేసరికి మొదటి తలలు ఇళ్ళకు పోయి భోజనాలు చేస్తుండేవి.

"ఎందుకయ్యా ఈ అవస్థ?" అంటే, "ఒక్కొక్కర్నీ పలకరించినట్టుంటాది గదా దాదా!" అని బెంగాలీవాళ్ళలా నన్ను అన్నను చేసి జవాబిచ్చేవాడు.

నాకేమీ అభ్యంతరం లేకపోయింది, అతను విజయ కుమారికి ఎమ్మెస్సీ ట్యూషను మొదలుపెట్టేదాకా. ఆ అమ్మాయిని నేను మనసులో ఏనాడో పెళ్ళాడేశాను; ఆవిడతో చెప్పడమొక్కటే మిగిలింది.

పాఠం క్వాంటం ఆసిలేటరు ఎంట్రోపీ. స్ప్రింగుకు వేలాడే గుండు అనుకోండి. దాని శక్తి మెట్లు మెట్లుగానే పెరుగుతుంది. వేడిచేస్తే ఏ మెట్టు మీదుందో చెప్పడం కష్టమవుతుంది. ఆ చెప్పలేనితనానికి కొలతే ఎంట్రోపీ. ఆ వేసవిలో నా ఎంట్రోపీ ఎంత పెరిగిందో శాస్త్రలోకం నమోదు చేయకపోవడం విచారకరం.

మెట్లు అనంతం. కానీ అంతా గుణశ్రేణి గనుక ఒక్క లైనులో మొత్తం తేలిపోతుంది. దయారత్నం మాత్రం మెట్టు తర్వాత మెట్టు కూడుతున్నాడు. వానలొచ్చాయి, కూడుతూనే ఉన్నాడు. లోడ్‌షెడ్డింగులో లాంతరు పెట్టుకుని మరీ కూడుతున్నాడు. పైగా ఆమె తండ్రిని 'మావా' అంటాడు. కడుపు రగలడానికి మనిషికి ఇంకేం కావాలి?

ఒక ఆదివారం ఆ ఇంటిమీద పడ్డాను. బోర్డు దగ్గర గురువు, బల్ల దగ్గర శిష్యురాలు, గుమ్మంలో ఆమె తండ్రి రైల్వే యార్డు ఫోర్‌మన్ ఆదాముగారు.

"ఏటి రత్నం, ఇంకా అవనేదా?"

"ఇంకా మెట్లున్నాయి మావా."

"మోసం!" అని అరిచాను. "ఇది గుణశ్రేణండీ! ఒక్క లైను!" సుద్దముక్క లాక్కుని బోర్డుమీద తేల్చిపారేశాను.

విజయ కుమారి పళ్ళు నూరింది. "మిమ్మల్నెవరు సెప్పమన్నారండీ?"

ఆదాముగారి మొహం విప్పారింది. "అయితే పాఠం అయిపోయినట్టే! ఇదయ్యేదాకా పెళ్ళిమాట ఎత్తనని దీనికి మాటిచ్చీసినాను. లిలువా పెళ్ళికొడుకోళ్ళని రేపే రమ్మంటాను."

సుద్దముక్క నా చేతిలోంచి జారిపోయింది.

దయారత్నం నా చెవి దగ్గరికి వంగాడు. "నువ్వు నోరిప్పుతావని మేవిద్దరం ఇన్నాళ్ళూ ఎదురు సూసినాం. ఇప్పితే ఇప్పినావు గానీ, దీనికా?"

తర్వాత తీరిగ్గా మామవైపు తిరిగాడు. "మొత్తం తేలింది మావా. మార్పు తేలొద్దా? వేడి కాస్త పెంచాల, మళ్ళీ లెక్కట్టాల. స్ప్రింగు కాస్త వొదులు సెయ్యాల, మళ్ళీ లెక్కట్టాల. అది నాకన్నా ఈ దాదాకే బాగా వొచ్చు. ఇకమీదట ఈయనే సెప్తాడు."

ఆదాముగారు నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు ఒక్క లైనోడివి గదా బాబూ. ఎప్పటికవుతాది?"

విజయ కుమారి బోర్డు శుభ్రంగా తుడిచి, నా చేతికి కొత్త సుద్దముక్క ఇచ్చింది.

"మొదటి మెట్టు దగ్గరే చాలాకాలం పడుతుందండీ," అన్నాను గంభీరంగా.

దయారత్నం తృప్తిగా తల ఊపి, ఆదాముగారిని టీకి తీసుకుపోయాడు.